ఆ అరుపుల్లో ఒక్క అరుపు

మా కోడలు హార్స్‌లీ హిల్స్ మీద ఒక రిసార్టులో ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకుంటోంది. ఒక పొద్దున పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"మామా, హియర్‌కీ లిజన్‌కీ తేడా ఏంది?"

పుంగనూరులో, కుప్పంలో ఉద్యోగమంతా ఇంగ్లీషు ఫైళ్లతో గడిపినవాణ్ణి. తడుముకోకుండా చెప్పాను. "శబ్దం దానంతటది చెవిన పడితే హియర్. మనసు పెట్టి వింటే లిజన్."

"అత్త పిలిస్తే నీకు రెండూ ఉండవు కదా!" అని నవ్వి వెళ్లిపోయింది. నా జవాబు సరైనదే. అయినా ఆ రాత్రి డైరీలో రాస్తుంటే పొడిపొడిగా అనిపించింది.

ఆ వారమే నేనూ కోడలూ తంబళ్లపల్లె దగ్గర మా చెల్లెలి ఊరికి వెళ్లాం. వాళ్లకు గొర్రెల మంద ఉంది. ఒక గొర్రె ఈని చనిపోయింది, పిల్ల మిగిలింది. ఇంకో గొర్రెకు పిల్ల పోయింది. మా చెల్లెలు ఆ గొర్రె పాలే పిండి తల్లి లేని పిల్ల ఒంటికి రుద్దింది. తన వాసన తగిలితే దగ్గరికి రానిస్తుందని ఆశ. గొర్రె మాత్రం వాసన చూసి కుమ్మి తోసేసింది.

"ఇది తల్లి కాకుంటే పిల్ల బతకదు పాపా," అంది చెల్లెలు. "సీసా పాలు పిల్లకు పడడంల్యా."

కోడలు పిల్లను ఒళ్లో నుంచి దించలేదు. పూటపూటకీ చెల్లెలు గొర్రె కాళ్లు పట్టుకుంటే, కోడలు పిల్ల నోటికి పొదుగు అందించేది. వదిలితే చాలు, గొర్రె మళ్లీ తోసేది. తిరుగు ప్రయాణం వాయిదా వేసుకున్నాం.

పగలు మంద మేతకు పోతే పిల్లలన్నీ దొడ్లోనే ఉంటాయి. ఒక సాయంత్రం మంద తిరిగొచ్చింది. దొడ్లో పిల్లలు, బయట తల్లులు ఒక్కసారిగా అరుస్తుంటే పక్కవాళ్ల మాట కూడా వినపడలేదు. చెల్లెలు దొడ్డి తలుపు తీయగానే తల్లులన్నీ లోపలికొచ్చాయి. ఆ గొర్రె మాత్రం గుంపులో నిలబడిపోయింది. చెవులు ముందుకు పెట్టింది. ఎన్నో పిల్లలు దానికి అడ్డం పడ్డాయి, ఒక్కదాన్నీ చూడలేదు. మూలనుంచి మా పిల్ల సన్నగా అరిచింది. గొర్రె బదులిచ్చి, దారి చేసుకుంటూ నేరుగా అక్కడికే వెళ్లింది. ఎవరూ కాళ్లు పట్టుకోలేదు. పిల్ల దాని కింద దూరి తోక ఆడిస్తూ పాలు తాగింది.

అన్ని అరుపులూ నా చెవిన కూడా పడ్డాయి.

"యాల అన్నా, అట్ల నోరు తెరిచి సూస్తాండావు?" అంది చెల్లెలు. "ఇంక బయం లేదు. ఇది దాని బిడ్డే."

కోడలు కళ్లు తుడుచుకుంటోంది. ఏదో అంది. ఆ గోలలో నాకు వినపడలేదు. ఈసారి దగ్గరికి వెళ్లి, "ఏమన్నావమ్మా?" అని అడిగాను.