జాలీలో మఫ్లర్

2023లో కార్ఖానా ఏరియాలోని మా షెడ్డుకు ఒక మోటర్‌హోమ్ వచ్చింది. మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు అన్నీ ఉన్న ఇల్లులాంటి బండి అది. సికింద్రాబాద్‌లో ఏసీ మెకానిక్‌ను వెచ్చదనం అడిగేవాళ్లు తక్కువ. ఇన్నేళ్లూ నేను చల్లబరచడమే చేశాను, అందుకే ఈ పని మీద మోజు పుట్టింది.

బండి సైనిక్‌పురిలో ఉండే ఒక రిటైర్డ్ సుబేదార్ గారిది. ఆయన ఉద్యోగం చాలాకాలం హిమాచల్ కొండల్లో గడిచింది. భార్య రూతమ్మ గారు కాకినాడ వైపు నుంచి వచ్చిన టీచరమ్మ. భర్త చెప్పగా వినడమే తప్ప ఆమె మంచు చూసింది లేదు, అందుకే ఈ బండిలో ఆ కొండలకు ప్రయాణం. "ఒక్కసారి చేత్తో ముట్టుకుంటే చాలు బాబూ" అన్నారు నాతో.

బండికి రెండు యంత్రాలు పెట్టాను. పైకప్పు మీద హీట్ పంప్. ఇది తిరగేసిన ఏసీ, బయటి గాలిలోని వేడిని లోపలికి తెస్తుంది. చలిగాలిలో వేడేమిటంటారేమో, ఉంటుంది. కానీ నీళ్లు గడ్డకట్టేంత చలి దగ్గరపడితే అది చేతులెత్తేస్తుంది. అప్పుడు థర్మోస్టాట్ గ్యాస్‌తో మండే ఫర్నేస్‌ను నడిపిస్తుంది. ఫర్నేస్ గదిలోని గాలినే మంచం కింది జాలీ గుండా లాక్కుని, వేడిచేసి వదులుతుంది. నీళ్ల ట్యాంకు గడ్డకట్టకుండా దానికీ కాస్త వేడి పంపుతుంది.

బండి అప్పగించిన రోజు రూతమ్మ గారు రాలేదు. "ఆ జాలీకి ఏదీ అడ్డం పెట్టొద్దు సార్. మేడంకు సుత చెప్పుండ్రి" అన్నాను.

"అరే, మంచుల బతికినోన్ని. నాకే చెప్తున్నవా?" అని ఆయన నవ్వారు.

నెల తిరక్కముందే బండి మళ్లీ షెడ్డు ముందు ఆగింది. రూతమ్మ గారితో పాటు దిగుతూనే సుబేదార్ గారు విరుచుకుపడ్డారు. "ఏందయ్యా నీ ఫర్నేస్? జెరసేపు మండుడు, బంద్ అవుడు. నల్లాల నీళ్లు గడ్డకట్టినయ్. చలికి ఆమెకు ఊపిరాడక పరేషానైంది. మంచు ఒక్క పూట దూరముందనంగ బండి వాపస్ తిప్పిన."

నాకూ కోపమొచ్చింది. నా పనికి వంక పెడితే నాకు పడదు. మంచం కింద చెయ్యి పెడితే జాలీలో మెత్తగా ఏదో తగిలింది. లాగితే ఆకుపచ్చ ఉన్ని మఫ్లర్! గాలి అందక ఫర్నేస్ మరీ వేడెక్కితే లిమిట్ స్విచ్ గ్యాస్ ఆపేస్తుంది. అక్కడ జరిగింది అదే.

సుబేదార్ గారు మఫ్లర్‌ను చేతిలోకి తీసుకున్నారు. పెళ్లైన కొత్తలో ఆయన కోసం ఆమె అల్లినదట.

"అక్కడ గాలి కదులుతుంటే, ఈయన కాళ్లకి చలి కొడుతుందేమో అనుకున్నాను బాబూ" అన్నారు రూతమ్మ గారు. "ఇంట్లో తలుపు సందుల్లో గుడ్డలు కుక్కుతాం కదా, అలాగే కుక్కేశాను. కూడదని నాకెవరూ చెప్పలేదే."

ఆయన బండి మెట్టు మీద కూలబడ్డారు. "ఈయన చెప్పిండు. నేనే నీకు చెప్పలే."

"పోనీలెండి. దూరం నుంచైనా మంచు తెల్లగా కనబడింది కదా" అని ఆమె ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

ఆమె ఊపిరితిత్తులు ఆ చలికి దెబ్బతిన్నాయని, ఇక మంచు కొండలకు వెళ్లొద్దని డాక్టర్ ఆమెకు గట్టిగా చెప్పేశాడు. నేను బాగుచేసిస్తాననడానికి బండిలో చెడింది ఏమీ లేదు. అదే నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఏదైనా చెడి ఉంటే దాన్నైనా తిట్టుకునేవాళ్లం.

ఇప్పుడు ఇలాంటి ఏ బండి అప్పగించే ముందైనా, అందులో పడుకునే ప్రతి ఒక్కరినీ పిలిచి ఫర్నేస్ నడిపిస్తాను, జాలీ మీద అరచెయ్యి పెట్టిస్తాను. గాలి లోపలికి పోతోందని ఆ చేతికి తెలియాలి. రూతమ్మ గారి చెయ్యి ఒక్కసారి అక్కడ పెట్టించి ఉంటే, అదే చేత్తో ఆమె మంచు ముట్టుకునేవారు.