తెల్లరంగు వేయాల్సిన తలుపులు

మొన్న శుక్రవారం మా చెల్లెలు హవల్లీలోని నా గదికొచ్చి కూర్చుంది. రాయచోటి నుంచి ఆమె మొగుడు వీడియో కాల్ చేసి, కువైట్‌లో దొరికే మేపుల్ పనికిమాలిన చెక్క అనీ, తన కొంప ముంచింది అదేననీ పన్నెండేళ్ల పాత పాట మళ్లీ అందుకున్నాడు. ఆ చెక్కతో చేసిన అలమరా తలుపులను నేను రోజూ తెరిచి మూస్తున్నాను కాబట్టి దాని తరఫున నాలుగు మాటలు రాయాలి.

మా మరిది మంచి వడ్రంగే, కాదనను. నేను వంట చేసే ఇంటి యజమానురాలికి, ఇక్కడ మామా అంటాం, ఒక తమ్ముడున్నాడు. సులైబియాలో ఆయనకున్న కార్ఖానాలో మరిదికి పని ఇప్పించింది నేనే. మరిదికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, ఆయనే. మరిది ఇక్కడ ఉండేందుకిచ్చిన ఇఖామా కార్డు గడువు దగ్గరపడుతుండగా, తన అక్క వంటగదికి మరిది చేసే అలమరాలు ఆమెకు నచ్చితే కొత్త ఇఖామా కొట్టిస్తానన్నాడు. మామా అడిగింది ఒక్కటే, తలుపులు తెల్లగా ఉండాలని. అందుకే మెత్తరకం మేపుల్ తెప్పించారు. గట్టి మేపుల్‌లా రంపాన్ని సతాయించదు, చిత్రిక పడితే నునుపు తేలుతుంది, మర మేకును గట్టిగా పట్టుకుంటుంది. ఎండావానల్లో పెడితే పాడవుతుంది గాని ఇంటిలోపల దానికి ఏ దిగులూ లేదు. తెల్లరంగు దానిమీద పాలమీగడలా పరుచుకుంటుంది. ముదురు రంగు మాత్రం ఒకచోట తాగి ఇంకోచోట తాగదు, మచ్చలు పడుతుంది. కార్ఖానాలో అందరూ ఈ సంగతి మరిదికి చెప్పారు. ముందు ఒక ముక్క మీద పూసి చూడమని నేనూ చెప్పాను.

"పైన తెల్లరంగు కొడితే అది నా పనని యెవురికి తెలుస్తాది వదినా? నేను వడ్రంగిని, సున్నం కొట్టేవాణ్ణి కాదు," అన్నాడు. పాలిపోయిన చెక్క ఆయన కంటికి పెట్టెలు కొట్టే చెక్క. నలుపు తిరిగితేనే కలప. పద్నాలుగు తలుపులకూ ముదురు రంగు పూసి, అక్రోటు చెక్కలా ఉంటుందని మురిసిపోయాడు.

బిగించాక మామా వచ్చి చూసి, ఈ తలుపులకేమైనా చర్మరోగమా అని నన్నడిగింది. ఆమె తమ్ముడొచ్చేది సాయంత్రం. ఇసుక కాగితంతో గీకేసి తెల్లరంగు మొదలుపెట్టమని మరిదిని బతిమాలాను, మామాను నేను ఒప్పిస్తానన్నాను.

"నా చేత్తో పూసింది నా చేత్తోనే గీకాల్నా? కార్ఖానాలో నగరా?" అని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మామా తమ్ముడు వచ్చి చూసి ఖలాస్, అయిపోయింది, ఇక ఇఖామా లేదన్నాడు. ఆ నెలాఖరుకే మరిది ఊరు చేరాడు.

కార్ఖానాలో ఇంకెవరో ఆ తలుపులనే గీకి తెల్లరంగు వేశారు. ఒక్కటీ వంకర పోలేదు. ఆయన చెక్కపని అంత బాగుంది మరి, అదే నా ఒళ్లు మండే సంగతి.

ఊళ్లో అప్పు పెరగడం ఆగలేదు. ఏడాది తిరక్కుండా ఆయన బదులు మా చెల్లెలు విమానమెక్కి ఇళ్లపనికి వచ్చింది. మొన్న కూడా ఫోన్ కట్టేశాక, "ఆయన్నేమీ అనొద్దక్కా, బాధపడతాడు," అంది. ఆమె జుట్టు ఇక్కడే నెరిసింది. ఆయన సిగ్గుపడిన ఒక్క మధ్యాహ్నపు పనికి ఆమె పదకొండేళ్లు పోసింది, ఇంకా పోస్తూనే ఉంది.