నా గొంతు వచ్చే ప్రకటన

నా గొంతు బావుంటుందని నలుగురూ అంటూంటే నేనూ నమ్మేశాను. నల్లపాడు దగ్గర ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాను. వార్షికోత్సవమైనా, ఎవరింట్లో గృహప్రవేశమైనా మైకు నాకే ఇస్తారు. అలా ఒకాయన దృష్టిలో పడ్డాను. ఫోన్లలో సినిమాల మధ్య వచ్చే ప్రకటనలు తయారుచేస్తాడాయన. మిరపలో పూత నిలిపే టానిక్ గురించి అర నిమిషం చదవమన్నాడు.

చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగాను. 'ఏ మందుతోనైనా కలిపి కొట్టుకోవచ్చు' అని ఉంది. నేను మిరప వేసే ఇంట్లో పుట్టినదాన్ని. మా వైపు ఒక్కో మందుకు ఒక్కో రోజు కూలీలను పిలిచే ఓపిక ఎవరికీ ఉండదు. పురుగు మందూ టానిక్కూ ఒకే డ్రమ్ములో పోసి, కర్రతో తిప్పి, ఒక్క విడతలో కొట్టేస్తారు. అయితే కొన్ని కలిస్తే ఆకు మాడుతుందని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు.

"ఇది నిజమేనా అండీ?" అని అడిగాను.

"కంపెనీవాళ్లు రాసిందేనండి. మీరు చదవండి చాలు" అన్నాడాయన.

చదివాను. ఇంకాస్త నమ్మకంగా చదవమంటే ఆ వాక్యాన్నే రెండోసారి కూడా చదివిపెట్టాను.

వారం తర్వాత ఊరి నుంచి అన్నయ్య ఫోన్ చేశాడు. అక్కడ మిరప వేసేది ఆయనే. మధ్యాహ్నం అన్నం తిన్నాక మంచం మీద వాలి ఫోన్లో పాత సినిమాలు చూస్తాడు. డబ్బు కట్టకుండా చూసే రకం కాబట్టి పాటకో ప్రకటన తప్పదు.

"ఏమే, సినిమా మధ్యలో నీ గొంతొచ్చిందే! మీ వదినని కేకేసి మరీ వినిపించా. పక్కింటోళ్లకి కూడా పెట్టి చూపిస్తున్నా!"

మురిసిపోయాను. ఆ మురిపెంలో, ఆ కలిపే మాట పట్టించుకోవద్దని చెప్పడం మర్చిపోయాను. కాదు, మర్చిపోయాననడం అబద్ధం. చెప్తే నా గొప్ప కాస్త తగ్గుతుందనిపించింది. అందరూ వేలితో నొక్కి దాటేసే ప్రకటనను మా అన్నయ్య మాత్రం చెల్లెలిదని రోజూ చివరిదాకా విన్నాడు.

నెల తిరక్కుండానే వదిన ఏడుస్తూ ఫోన్ చేసింది. వెళ్లి చూస్తే తోటలో ఆకుల అంచులు మాడిపోయాయి. పూతంతా రాలి సాళ్లలో పడి ఉంది. ఆ టానిక్కునీ, రాగి కలిసిన తెగులు మందునీ ఒకే డ్రమ్ములో పోశాడట.

"రాగి మందు విడిగా కొట్టాలని నాకు తెలుసే. ఏటా అలాగే కొట్టా. దేంతోనైనా కలపొచ్చని నువ్వే అన్నావుగా" అన్నాడు అన్నయ్య.

ఆ ప్రకటన ఆపించమని తోటలోంచే ఆ ప్రకటనలాయనకు ఫోన్ చేశాను. "మన చేతిలో లేదు మేడమ్, సీజనంతా వస్తుంది" అని పెట్టేశాడు.

అన్నయ్య, నేనూ గట్టు మీద కూర్చున్నాం. కూరలో ఉప్పు తగ్గినా వీధంతా వినపడేలా అరిచే మనిషి, ఆ రోజు అరవలేదు. అరిచినా బావుండేది. రాలిన పువ్వొకటి వేళ్ల మధ్య నలుపుతూ అడిగాడు.

"చదివేటప్పుడు నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది" అన్నాను.

"మరి నేను ఫోన్ చేసినప్పుడన్నా చెప్పొచ్చుగా."

సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చాక వదిన అన్నం పెట్టింది. ఎవరం సరిగ్గా తినలేదు. అన్నయ్య అలవాటు కొద్దీ మంచం మీద వాలి ఫోన్ తీశాడు. నేను చెంబుతో నీళ్లు తీసుకుని చేయి కడుక్కుంటున్నాను. పాట ఆగింది. నా గొంతు మొదలైంది, ఎంతో నమ్మకంగా.

అన్నయ్య బొటనవేలితో నొక్కి దాటేశాడు.