పాట కింద పడిపోయిన మా అమ్మ గొంతు

కూసో పాపా ఈడ. సక్కగా ఇని, నేను చెప్పింది చెప్పినట్టు రాయి. ఊ కొట్టేది కాదు, రాయి.

నిన్న మీ అమ్మ పెండ్లి క్యాసెట్టు ఎత్తుకోని పులివెందల్లో బస్సెక్కి పొద్దుటూరికి పోతి కదా. ఎందుకనుకుంటివి? దాంట్లో మా అమ్మ ఉంది. ఆ పెండ్లైన మూడు నెలలకే పాయె. ఫొటోలుండాయి గానీ గొంతు యాడా లేదు.

ఆడ పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించే అంగడాయప్ప రీలుకు పట్టిన బూజు తుడిచి మిషన్లో పెట్న్యాడు. కంప్యూటర్లో మీ అమ్మ, పెండ్లికూతురు! నాకు కాలు నిలవల్యా. తలంబ్రాల కాడ మా అమ్మ వచ్చె. నోరు కదిలిస్తాంది, ఇనపడేది మాత్రం సినిమా పాట!

"ఏందప్పా, మా అమ్మ మగగొంతుతో పాడతాంది?" అంటి.

ఆయప్ప నగినాడు. "అప్పట్లో అన్నీ ఇంతే అవ్వా. మాటలు తీసేసి పాటలేసేటోళ్లు. కెమెరాలో తీసిన మొదటి క్యాసెట్టుంటే మాటలుంటాయి. అది ఎవురు దాచుకుంటారు?"

"నేను దాచుకున్యా!" అని అరిచినా.

జగడమాడి తెచ్చుకున్నది పాపా అది. పెండ్లి క్యాసెట్టులో అంతా మీ తాత తట్టు జమ్మలమడుగోళ్లే, మా అమ్మ తప్ప మా సింహాద్రిపురమోళ్లు ఒక్కరూ లేరు. అప్పుడే ఆ పెండ్లి తీసిన ఈడియో ఆయప్ప దగ్గరికి పోయి, "మావాళ్లను కోసి యాడ పారేసినావు? ఆ ముక్కలియ్యి" అంటి. భయపడి కెమెరా క్యాసెట్టే చేతిలో పెట్న్యాడు.

బీరువాలో చీరల కింద ఉన్న దాన్ని తీసుకోని ఈ పొద్దు తెల్లార్తూనే మళ్లా పోతి. మూడు గంటల క్యాసెట్టు మూడు గంటలూ తిరగాల్సిందే అంట. కదలకుండా కూసున్యా. అన్నాల బంతి వచ్చె. మా అమ్మ కొంగు దోపుకోని వచ్చె.

"ఏం నాయనా, ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడేనా తీసేది? ఆ లైటు ఆర్పు! ఓ పిల్లా, ఆయమ్మకు ఇంకో ఓళిగ ఎయ్యి!"

ఆ గొంతే పాపా! అంగడిలో లేచి నిలబడి, "ఏస్తాండామ్మా" అనేసినా. నన్నే గదా ఆమె పిల్లా అనింది!

ఇదిగో, పెన్‌డ్రైవులో ఏసిచ్చినాడు. నువ్వేం చేస్తావంటే, పెండ్లి క్యాసెట్టులో ఆ పాట కోసేసి... ఆ, ఇనపడింది లేమ్మా, వస్తాండా! సంగటి యాడికీ పారిపోదు! మీ అమ్మ ఒకతె, నిలవనీదు. ఏం చెప్తాంటి? ఆ పాట తీసేసి, తలంబ్రాల కాడ మా అమ్మ మాట పెట్టి, దానికి ముందర నేను ఇప్పుడు చెప్పి రాయించిందంతా పెట్టు.