నూకరాజు మాస్టారి ముడి

నాకు నోటినిచ్చి, ఆ నోటితో తనను స్తుతించే భాగ్యమిచ్చిన ప్రభువుకు స్తోత్రం. ఎన్నో ఏళ్లు నేను దాచుకున్న మాటను ఎరిగి కూడా, ప్రతి ఉదయం నన్ను నిద్రలేపిన ఆయన కృపకు స్తోత్రం.

ఈ ఉదయం భీమవరంలో, నేను విలువిద్య నేర్పే స్కూలు గ్రౌండులో, ఒక పాప వింటికి కొత్త నారి ఎక్కించి, సరిచూద్దామని నేనే లాగాను. చల్లటి ప్లాస్టిక్ బొత్తాం పెదవులకు తగిలింది. నారికి పూసిన మైనం వాసన ముక్కుకు సోకింది. విల్లు దించేశాను.

దాన్ని కిస్సర్ బటన్ అంటారు. చొక్కా బొత్తామంత బిళ్ల. నారికి కడతారు. నారిని పూర్తిగా లాగినప్పుడు అది ప్రతిసారీ పెదవుల మీద ఒకే చోట తగలాలి. తగిలితే చెయ్యీ దవడా కన్నూ తమ తమ చోట్ల ఉన్నట్టు. కొంచెం జరిగినా బాణం గురి తప్పుతుంది. ఇది నాకు నేర్పింది నరసాపురం దగ్గర మా ఊరి హైస్కూల్లో ఆటలు నేర్పే నూకరాజు మాస్టారు. సముద్రం మీద వేటకెళ్లే కుటుంబంలో పుట్టిన మనిషి. రొయ్యల మేత సంచుల్లో ఎండుగడ్డి కూరి మాకు గురిపెట్టడానికి దిమ్మలు చేసేవారు. బొత్తాం కదలకుండా దానికి పైనా కిందా వల దారంతో ముడి వేసేవారు. అది వాళ్ల నాన్నగారు వలలు అల్లేటప్పుడు వేసే ముడి. తడిసేకొద్దీ బిగుస్తుందే గాని జారదు.

బొత్తాం ఎక్కడ కట్టాలో గుర్తు పెట్టాలంటే ఒకరు ముఖం దగ్గరకు రావాలి. ఆడపిల్ల ముఖం దగ్గర తాను చెయ్యి పెట్టకూడదని మాస్టారు భార్య సత్తెమ్మ గారిని పిలిపించారు. ఆవిడ చేపల తట్ట దించి, చేతులు చెంగుకు తుడుచుకుని, స్కెచ్ పెన్ అందుకున్నారు. కళ్లు మూసుకుని నారి లాగమన్నారు మాస్టారు.

"గాలానికి చేప పడినట్టు పిల్ల మూతికి దారం కట్టేస్తన్నారేంటండీ" అన్నారావిడ. నవ్వొచ్చి విల్లు దించేశాను. మాస్టారు మాత్రం నవ్వలేదు.

"కన్ను మోసపోద్ది అమ్మాయ్. పెదవికి తెలిసేదాకా వదలకు."

జిల్లా జట్టు ఎంపికలు తణుకులో. సాధనలో చివరి బాణాలకు వచ్చేసరికి నా చెయ్యి అలిసి, అవి కిందికి పడుతుండేవి. రోజూ నీళ్ల బకెట్లు మోసి బలం తెచ్చుకోమన్నారు మాస్టారు. నేను మోయలేదు. ఎంపికల ముందురోజు సాయంత్రం ఇంట్లో బ్లేడుతో ఆయన ముడులు కోసి, బాణం కాస్త పైకి వెళ్తుందని బొత్తాన్ని బియ్యపు గింజంత పైకి జరిపి, అమ్మ కుట్టు దారంతో కట్టాను. ఆయనకు చెప్పలేదు.

మొదటి బాణాలు చక్కగా తగిలాయి. తర్వాత నా ముడి సడలి బొత్తాం కిందికి జారింది. ఆఖరి మూడూ నేలలో దిగాయి. నాన్న మా సంఘ పెద్ద. అబద్ధం అంటే ఒప్పుకునే మనిషి కాదు. ఆయన వచ్చి ఏమైందని అడిగారు.

"మాస్టారు కట్టిన ముడి జారింది నాన్నా" అన్నాను.

మిగతా పిల్లల తల్లిదండ్రులంతా వింటుండగా నాన్న మాస్టారిని నిలదీశారు. ముడి కూడా సరిగ్గా వేయలేనివారికి పిల్లల్నెలా అప్పజెప్పమంటారని అడిగారు. మాస్టారు ఆ నారిని వేళ్ల మధ్య తిప్పి చూశారు. నా ముఖంలోకి ఒక్కసారి చూశారు.

"తప్పు నాదేనండి. చూసుకోవాల్సింది" అన్నారు.

ఒక్కొక్కరే పిల్లల్ని మాన్పించేశారు. గడ్డి సంచులు వానకు కుళ్లిపోయాయి. ఆ తర్వాత ఎప్పుడు ఎదురుపడినా "చెయ్యి బాగుందా అమ్మాయ్?" అనేవారు, అంతే. నేను ప్రతి ఆదివారం పాటలు పాడాను. పాపం ఒప్పుకుంటేనే క్షమాపణ అని సండే స్కూల్లో పిల్లలకు బోధించాను కూడా.

నిరుడు, ఆ పాఠమే చెబుతూ మధ్యలో ఆపేశాను. ఆరాధన కాగానే మా ఊరికి, మాస్టారింటికి బస్సెక్కాను. నేను వెళ్లేసరికి మాస్టారు పోయి ఇరవై రోజులైంది. వాకిట్లోనే కూర్చుని అంతా సత్తెమ్మ గారికి చెప్పేశాను. ఆవిడ లోపలికెళ్లి రేకు డబ్బా తెచ్చారు. అందులో ఆ నారి. బొత్తాం కింద అమ్మ కుట్టు దారం.

"ఇది మన ముడి కాదే అని ఆ రోజే చూపించారమ్మా. మరి అక్కడెందుకు చెప్పలేదండీ అంటే, చిన్నపిల్ల, తనంతట తనే వచ్చి చెప్పుద్దిలే అన్నారు." డబ్బా మూత పెడుతూ అన్నారు: "మంచంలో ఉన్నప్పుడు కూడా, గేటు చప్పుడైతే ఎవరొచ్చారో చూడమనేవారు."

తర్వాతి ఆదివారం మా ఊరి సంఘం ముందు నిలబడి చెప్పాను. నాన్న తల వంచుకుని ఏడ్చారు. వల ముడి సత్తెమ్మ గారే నేర్పారు. ఇప్పుడు నేను నేర్పే పిల్లల నారికి బొత్తాం ఆ ముడితోనే కడతాను. ప్రభువు నన్ను క్షమించాడని నమ్ముతున్నాను. మాస్టారి నోటివెంట ఆ మాట వినే అవకాశం మాత్రం నేనే పోగొట్టుకున్నాను. పెదవికి బొత్తాం తగిలినప్పుడల్లా ఆ లోటు తగులుతూనే ఉంటుంది.

ఇది చదువుతున్న మీరు ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మా మాట కోసం ఎదురుచూసేవాళ్లు ఇంకా గేటు వైపు చూస్తుండగానే, మమ్మల్ని అక్కడికి నడిపించు.