మధ్యలో నిలిచిన వసుంధరక్క

మొన్న శుక్రవారం ఉదయం ముళబాగిలులోని మా బ్యాంకులో పనిలో ఉండగా ఫోన్ మోగింది. వసుంధరక్క తమ్ముడు. మామూలుగా నాకు ఫోన్ చేసే మనిషి కాడు.

"పద్మక్కా, మా అక్క పోయిందక్కా. పొద్దున పాలాయన ఎంతసేపు తలుపు తట్టినా తీయలేదంట. పక్కింటోళ్లు లోపలికి పోయి చూస్తే పడకలోనే..." అని ఆగిపోయాడు.

నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పారట. అక్షరాలను నాకు చదివి వినిపించే కంప్యూటరు గొంతు ఎవరిదో ఖాతా వివరాలు చెప్పుకుంటూ పోతూనే ఉంది. దాన్ని ఆపాలని కూడా తోచలేదు.

మన దేశపు మహిళల గోల్‌బాల్ జట్టులో మధ్యస్థానంలో ఆడిన వసుంధరక్క ఇక లేదు. ఈ వాక్యం చదివి, అదేం ఆట అని అడిగేవారే ఎక్కువమంది ఉంటారని నాకు తెలుసు. అంధుల కోసం పుట్టిన ఆట అది. ఇరువైపులా ముగ్గురేసి క్రీడాకారులు, అందరి కళ్లకూ గంతలు. లోపల గంటలున్న బరువైన బంతిని ఎదుటివారు నేలబారుగా విసురుతారు. ఆ సవ్వడిని పట్టుకొని, నేలమీద అడ్డంగా పడి, దేహంతోనే దాన్ని ఆపాలి. ఆట సాగినంతసేపూ ప్రేక్షకులు నిశ్శబ్దంగా ఉండాలి. అక్క జీవితం కూడా దాదాపు అలాంటి నిశ్శబ్దంలోనే గడిచింది.

కోలారు బంగారు గనుల ప్రాంతంలోని ఉరిగాం ఆమె ఊరు. తండ్రి గనుల ఆఫీసులో గుమాస్తా. బడికి పోయే వయసులోనే ఆమె చూపు క్రమంగా క్షీణించి, చివరికి వెలుగు కూడా తెలియని స్థితి వచ్చింది. తర్వాత గనులు మూతపడ్డాయి. ఇరుగుపొరుగు కుటుంబాలు ఒక్కొక్కటే బెంగళూరుకు తరలిపోతుంటే, ఏ ఇంటికి తాళం పడిందో ఆ వీధిలో తగ్గిన మాటలను బట్టి తెలిసేదని ఆమె ఒకసారి నాతో అన్నది.

ముళబాగిలు దగ్గరి ఆవనిలో రాగులు, మామిడి పండించే రైతు ఇంట్లో పుట్టిన, ఆమెలాగే చూపులేని నాకు ఆమె పరిచయమైంది కోలారులో జరిగిన ఒక గోల్‌బాల్ శిక్షణ శిబిరంలో. మొదటిరోజు బంతి వస్తున్న చప్పుడు వినగానే ముఖానికి చేతులు అడ్డం పెట్టుకొని ముడుచుకుపోయాను. ఆమె పాకుతూ నా దగ్గరికి వచ్చింది.

"ఏం పాపా, దెబ్బ తగులుతాదని భయమా?"

"అవునక్కా."

"తగిలితే మంచిదే కదా, బంతి ఆగిపోయినట్ల. తగలకుండా పక్కన పోయిందే, దానికి భయపడాల మనం. ఇంగ చేతులు తీసి చాపు."

తర్వాత ఎందరో శిక్షకులు నాకు ఎన్నో మెళకువలు నేర్పారు. కానీ నా భయం పోగొట్టింది ఆ మాటలే.

శిబిరం ముగిశాక మేము సాధన చేయడానికి చోటు లేకపోయింది. గనుల కాలంలో కార్మికులు ఆటపాటలకు వాడుకున్న ఒక పాత హాలు ఉరిగాంలో మూతబడి ఉండేది. అక్క తండ్రి ఎవరెవరినో బతిమాలి దాని తాళం చెవి తెచ్చారు. కాళ్లకు, చేతులకు తెలిసేలా నేలపై దారం పరిచి, దానిమీద టేపు అంటించి గీతలు గీయడం అక్క పని. మోకాళ్లమీద కూర్చొని అంతా తానే చేసేది. గాలి వీచిన రోజు పైకప్పు రేకులు దడదడలాడి బంతి వినిపించేది కాదు. గనుల వ్యర్థాలు పోసిన సైనైడ్ దిబ్బల మీది ధూళి కిటికీల్లోంచి వచ్చి నేలంతా పరుచుకునేది. ఊడ్చి ఆడేవాళ్లం, మళ్లీ ఊడ్చేవాళ్లం. నేను ఆవనికి వెళ్లిపోయిన రోజుల్లో ఆమె ఒక్కతే బంతిని గోడకు కొట్టి, తిరిగి వచ్చేదాన్ని ఆపుతూ ఉండేదట.

ఇద్దరమూ జాతీయ జట్టుకు ఎంపికయ్యాము. విదేశంలో జరిగిన పోటీలో మొదటి ఆటలన్నీ ఘోరంగా ఓడిపోయాము. పది గోల్స్ తేడా వస్తే ఆటను అక్కడితో నిలిపేస్తారు. మా ఆటలు చాలావరకు అలాగే మధ్యలో ఆగిపోయాయి.

చివరి ఆటలో మాత్రం ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్నాము. మన దేశం ఆ పోటీలో అంతవరకు ఒక్క విజయమూ ఎరగదు. సమయం ముగుస్తుండగా అక్క విసిరిన బంతి నేలను తాకవలసిన చోట తాకకుండా గాల్లోకి లేచింది. తప్పిదం. దానికి శిక్ష ఏమిటంటే, తప్పిదం చేసిన మనిషి ఒక్కతే నిలబడి, తొమ్మిది మీటర్ల వెడల్పున్న గోల్‌ను కాపాడాలి. నన్నూ, మరో అమ్మాయినీ బయటికి నడిపించుకుపోయారు. పోయేముందు ఆమె చేతిని తాకాను.

"అక్కా..."

"పోమ్మా, పో. మీ అడుగుల చప్పుడు ఆగితేనే కదా నాకు వినపడేది" అన్నది.

హాలంతా నిశ్శబ్దం. అవతల పరుగెత్తిన పాదాలు, దొర్లుతున్న గంటలు, ఆపైన నేలమీద పడిన దేహం చప్పుడు. బంతి ఆగిపోయింది. ఒక క్షణం ఏం జరిగిందో నాకు అర్థం కాలేదు. అంతలో ఈల మోగింది, హాలు చప్పట్లతో దద్దరిల్లింది. మేం గెలిచాము. పరుగున వెళ్లి కావలించుకోబోతే, "ఆ చెయ్యి తాకద్దు పాపా" అన్నది మెల్లగా. చాచిన చేతికి తగిలిన బంతి భుజం కీలును తప్పించింది. అదే మా తొలి విజయం. అదే ఆమె ఆఖరి ఆట.

తిరిగి వచ్చాక పట్టణంలో ఒక చిన్న సన్మానం జరిగింది. శాలువా కప్పిన పెద్దమనిషి మైకు ఆమె నోటి దగ్గర పెట్టి, "ఒక మంచి భక్తిపాట పాడమ్మా" అన్నాడు. కళ్లు లేని ఆడవాళ్లు ఏదో ఒకటి పాడతారని ఆయన నమ్మకం కాబోలు.

"నాకు పాట రాదప్పా. బంతి ఆపేది వస్తాది" అన్నది అక్క. సభలో కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

భుజం మళ్లీ కుదుటపడలేదు. తర్వాతి జట్లలో ఆమెకు చోటు దొరకలేదు. చుట్టుపక్కల పల్లెల్లోని చూపులేని ఆడపిల్లలను పోగుచేసి ఆట నేర్పసాగింది. కామసముద్రం నుంచి బస్సులో వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. పెళ్లిళ్లయి కొందరు, తోడు వచ్చేవాళ్లు లేక కొందరు మానుకున్నారు. ఒకనాడు ఆ హాలుకు ఎవరో కొత్త తాళం వేశారు, సాధన అంతటితో ఆగిపోయింది. తండ్రి, ఆ తర్వాత తల్లి గతించారు. తమ్ముడు బెంగళూరుకు రమ్మని ఎంత పిలిచినా ఆమె ఇల్లు కదలలేదు.

పోయిన నెలలో మన అమ్మాయిలు విదేశంలో ఆడుతుంటే మేమిద్దరం ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఆ ప్రసారం విన్నాము. మధ్యలో ఆడే పిల్ల ఎడమతట్టుకు ఆలస్యంగా పడుతున్నదని ఆమె చెప్పింది. వెంటనే ఆ వైపునే గోల్ పడింది.

"నువ్వు నేర్పచ్చు కదక్కా ఆ పిల్లకి" అన్నాను.

"ఆ పిల్ల యాడ, నేను యాడ? నేనంటూ ఒకతె ఉండానని ఆ పిల్లకి ఎవరు చెప్పినారు?" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే నాకు మరింత దుఃఖం కలిగింది.

శుక్రవారం మధ్యాహ్నం మా చెల్లెలి చెయ్యి పట్టుకొని ఉరిగాం చేరాను. అక్క కుడిచేతిని తడిమాను. మోచేయి కింద చర్మం ఇంకా గట్టిగానే ఉంది, నేలకు రాసుకొని రాసుకొని కాయలు కట్టిన చర్మం. వెనకనుంచి పక్కింటావిడ అడిగింది.

"నువ్వేం కావల్లమ్మా ఈయమ్మకి?"

"ఆమె పక్కన ఆడినానమ్మా. దేశం తరఫున."

"ఆటా? వసుంధరమ్మ ఆడతా ఉండెనా? ఇన్నేళ్లు గోడకి గోడ కలిసి ఉండాము, నాకు తెలియనే తెలియదే! ఏం ఆటమ్మా అది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. బంతిని గురించీ, గంతలను గురించీ చెప్పాను. నలుగురు చుట్టూ చేరి వింటున్నట్టు తెలుస్తోంది. అక్క ఒంటరిగా గోల్ ముందు నిలబడిన దగ్గరికి వచ్చేసరికి, వేళయిందని ఎవరో అన్నారు. వింటున్న ఆడవాళ్లంతా అటు కదిలారు. అక్కను ఎత్తుకొని వీధిలోకి తీసుకుపోయారు.

ఆనాడు ఆమె బంతిని ఆపిందని అక్కడ ఎవరికీ చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆపింది. మా అక్క ఒక్కతే నిలబడి ఆపింది.