వదిన నింపిన గళ్ళ కాగితం

మార్చి పదిహేడు: ముప్ఫై అయిదు నిమిషాలు. కొత్త స్ప్లింటు విప్పాక చీలమండ ఎముక మీద ఎరుపు తగ్గడానికి ఆ సాయంత్రం పట్టిన సమయం అది. ఇరవై దాటితే చెప్పమనీ, రోజుకు మూడుసార్లు విప్పి చూసి గళ్ళ కాగితంలో రాయించమనీ ఆసుపత్రిలో ఆ స్ప్లింటు తయారుచేసినాయన అన్నాడు.

చొక్కాల కర్మాగారంలో ఆమెను కాలరమ్మ అంటారు. పద్నాలుగేళ్ళుగా ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి కాలర్లు నొక్కుతోంది. నిరుడు మెట్ల మీద పడ్డాక కుడిపాదం వాలిపోయింది. దాన్ని ఎత్తిపట్టేది ఈ ప్లాస్టిక్ స్ప్లింటే. అది అలవాటైతే బల్ల దక్కుతుంది, లేకపోతే కింది అంతస్తులో కూర్చుని అట్టపెట్టెలు మడవాలి. అందుకే చర్మం ఒరుసుకుపోతున్న సంగతి సూపర్‌వైజరుకు చెప్పలేదు.

సైజు చీటీల మీది అంకెలు తప్ప ఆమెకు రాత రాదు. కాగితం నింపినదీ, దాచినదీ పక్కబల్ల మనిషి. వదినా అంటే వదినా అనుకునే చనువు ఇద్దరిదీ.

"మేజోడు ముడత పడింది చూడు. ఇదే నిన్ను కొరికేది," అంది వదిన, బట్టలు మార్చుకునే గదిలో ఆమె ముందు గొంతుక్కూర్చుని.

"ఊరందరి ముడతలూ తీస్తాను కదా, నాదాకా వచ్చేసరికి తీరిక లేదు."

"సరసాలు చాలు, కాలు చాపు. వాచీ నేను చూస్తాను. ఎవరైనా అడిగితే నీళ్ళు తాగడానికెళ్ళావంటాలే."

మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు ఉదయం సూపర్‌వైజరు పిలిచాడు. అతని ముందు ఆ కాగితమే ఉంది.

"తొమ్మిదిసార్లు బల్ల వదిలావు. గంటలూ నిమిషాలూ అన్నీ ఉన్నాయి. కాదంటావా అమ్మా?"

"అది ఆసుపత్రిలో చూపించేది సార్."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆమె కాగితంలో వదిన గుండ్రటి అక్షరాలకేసి చూసింది. ఆమెను కిందికి, అట్టపెట్టెల దగ్గరికి పంపేశారు. మధ్యాహ్నానికి ఆమె బల్ల దగ్గర వదిన చెల్లెలు నిలబడి ఉంది.

"ఎన్నాళ్ళని దాస్తాం? నీ కాలు పుండవుతుందని భయమేసి చెప్పాను," అంది వదిన మెట్ల దగ్గర.

"నా కాలు కోసమే అయితే, మీ చెల్లెలు పొద్దున్నే టిఫిను డబ్బాతో సహా ఎలా దిగింది వదినా?"

వదిన వాచీ పట్టీ సర్దుకుంది.

మరుసటి వారం ఆసుపత్రిలో స్ప్లింటును వేడిచేసి ఎముక దగ్గర కాస్త బయటికి ఉబ్బించారు. ఆ కాలు ఇప్పుడు రోజంతా నిలబడగలదు. అట్టపెట్టెల దగ్గర నిలబడే పని లేదు. భోజనాల వేళ వదిన కిందికి వచ్చి, వాచీ విప్పి ముందు పెట్టింది.

"ఉంచుకో."

"ఇక్కడ గోడ గడియారం ఉందండీ," అంది కాలరమ్మ.

సూపర్‌వైజరు తిరిగిచ్చిన కాగితంలో పదో గడిలో, ఎరుపు తగ్గడానికి పట్టిన నిమిషాలు, పదిహేను, సైజు చీటీ మీద వేసినట్టే తనే వేసుకుంది.